మా ఆయన బేస్‌బాల్ ఉద్యోగం

మా ఆయన చనిపోయిన తొమ్మిదేళ్లకు ఆయనకు అమెరికాలో ఉద్యోగం వచ్చింది. ఇప్పించింది నేనే. బేస్‌బాల్ ఆడే ఉద్యోగం.

మా అల్లుడు గిరీశ్ బెంగుళూరులో ఎవరో వద్దనుకున్న గేము డబ్బా ఒకటి తెచ్చి టీవీకి తగిలించాడు. దాంతో పాటు వచ్చింది ఒకే ఒక ఆట, బేస్‌బాల్. క్రికెట్ డిస్కు దొరికేదాకా దీంతోనే సర్దుకోవాలన్నాడు. సర్దుకునే తీరిక మాత్రం వాళ్లకు లేదు. గిరీశ్, నా కూతురు పుష్పావతి ఇద్దరూ తెల్లవారుజామున మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో రైలెక్కి బెంగుళూరుకు పనికి పోతారు, చీకటి పడ్డాక వస్తారు. పగలంతా గని కంపెనీ కట్టిన ఈ లైను ఇంట్లో నేనూ, ఆ డబ్బా, గోడ మీద మా ఆయన ఫోటో. ముగ్గురిలో నోరున్నది డబ్బాకే.

మొదటి ఆదివారం గిరీశ్ నా చేతికి రిమోటు ఇచ్చాడు.

"అత్తా, దీంట్లో మనకు కావాల్సిన ఆటగాణ్ణి మనమే తయారు చేసుకోవచ్చు. పేరు చెప్పు."

మొగుడి పేరు నోటితో పలికే అలవాటు మా ఇళ్లలో లేదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నేను ఒక్కసారీ పలకలేదు. అయితే పలకడం వేరు, రాయడం వేరు. ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కాను. ఆయన పీఎఫ్ కాగితాల మీద చూసి చూసి నేర్చుకున్న తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలు. తెర మీద మునియప్ప అని పడింది.

పుష్పావతి గరిటెతో వంటింట్లోంచి వచ్చింది. "నాయనను బొమ్మ చేసినారా? సచ్చినాక కూడా ఆయనను గమ్మున ఉండనీరా?"

"గమ్మున ఉండేది మీ నాయనకు యాడ చేతనవును?" అన్నాను.

ఆ తరువాత ఆట అడిగిన ప్రశ్నలు పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అడగరు. చెయ్యి బలం ఎంత? చూపు ఎంత? పరుగు ఎంత? ఓర్పు ఎంత? ప్రతిదానికీ ఒక గీత, వందకు ఇన్ని అని జరపాలి. మొత్తం మీద ఇచ్చే పాయింట్లు కొన్నే. ఒకచోట ఎక్కువ పెడితే ఇంకోచోట కోసుకోవాలి. ఇది ఈ ఆటలోని గొప్ప గుణం. మనిషిని పొగడనివ్వదు, తిట్టనివ్వదు, తూకం వెయ్యమంటుంది.

చెయ్యి బలం తొంభై పెట్టాను. ఇరవై ఆరేళ్లు గనిలో రాతికి రంధ్రాలు వేసే మిషను పట్టుకున్న చెయ్యి. చూపు డెబ్బై. పాతాళంలో చీకట్లో పనికొచ్చిన చూపే, ఇంట్లో ఖాళీ బిందె మాత్రం ఎప్పుడూ దానికి ఆనలేదు. పరుగు ఇరవై. ఊపిరితిత్తుల్లో అంత రాతిపొడి పెట్టుకొని ఎవరు పరుగెత్తుతారు? సారాయి అంగడి వైపైతే నలభై ఇవ్వొచ్చు, కానీ ఏ వైపు పరుగో ఆట అడగలేదు. ఓర్పు దగ్గరికి వచ్చేసరికి గీతను ఎడమ చివరిదాకా లాగి సున్నా పెట్టాను.

"ఒక్క పాయింటన్నా ఇయ్యత్తా, మామ పాపం," అన్నాడు గిరీశ్.

"అన్నం ఉడికేలోపల పదిసార్లు మూత తీసి చూసేవాడప్పా మీ మామ. సున్నానే."

మీసాలు పదకొండు రకాలు చూపించింది. ఒక్కటీ ఆయనది కాదు. ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉండే మీసం అమెరికాలో దొరకదు కాబోలు. అది నేను పట్టుకున్న మొదటి లోపం.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. బౌలరు బంతి విసురుతాడు. మన మనిషి ముందు గాలిలో ఒక పెట్టె గీసి ఉంటుంది. బంతి ఆ పెట్టెలోంచి పోతే మన తప్పు. బ్యాటు ఊపి తగలకపోయినా మన తప్పే. మూడు తప్పులైతే అవుటు. పెట్టె బయట నుంచి పోయే బంతిని మనం ముట్టుకోకుండా వదిలేస్తే బౌలరు తప్పు. అవి నాలుగైతే మన మనిషి బ్యాటు పక్కన పడేసి మొదటి బేసుకు ఊరికే నడిచిపోవచ్చు. అంపైరు మన తప్పుకైతే గొంతు చించుకొని అరుస్తాడు, బౌలరు తప్పుకైతే గమ్మున ఉంటాడు. ఇలా మూడు బేసులు చుట్టి తిరిగి మొదలుపెట్టిన చోటికి వస్తే ఒక పరుగు. అంతే.

ఊరికే నడిచిపోవడం అనే మాట నాకు రుచించలేదు. ఊరికే నిలబడినవాడిని మా లైన్లలో మనిషి కింద జమకట్టరు. అందుకని వచ్చిన ప్రతి బంతికీ ఊపాను. నెత్తి మీద నుంచి పోయేదానికీ, నేలకు కొట్టుకొని వచ్చేదానికీ. తగిలినప్పుడు మాత్రం చూడాలి! తొంభై బలం కదా, బంతి స్టేడియం దాటి పార్కింగులో పడేది. తగిలింది ఎన్నిసార్లని అడగొద్దు.

రోజూ మధ్యాహ్నం రాగిముద్ద తిని కూర్చునేదాన్ని. ఆట మంచిచెడ్డలన్నీ అప్పుడే తెలిశాయి. గడ్డి నిజం గడ్డిలాగే ఉంటుంది, మేకలను తోలుకుపోవచ్చు. ఆటగాళ్లు అచ్చం మా షిఫ్టు మనుషుల్లాగే అయిదు నిమిషాలకోసారి ఉమ్ముతారు, పంట్లాం ఎగలాక్కుంటారు. అది చేసినవాడు మనుషులను బాగా చూసినవాడు. కానీ జనంలో ఎర్ర బనీను వేసుకున్న ఒకామె ఉంది, అదే మొహంతో ఎనిమిది చోట్ల కూర్చుంటుంది, బంతి తగలకముందే చప్పట్లు కొడుతుంది. వ్యాఖ్యానం చెప్పే ఇద్దరికీ ఉన్నవి ఇరవై మాటలే, అవే తిప్పి తిప్పి చెబుతారు. మా ఆయన పేరు వాళ్లకూ పలకడం రాదు, "ఏడో నంబరు" అంటారు. ఆ ఒక్క విషయంలో వాళ్లూ నాలాగే పద్ధతైన ఆడవాళ్లు. ఒక మ్యాచికీ ఇంకో మ్యాచికీ మధ్య డబ్బా ఎంతసేపు ఆలోచిస్తుందంటే, ఆ లోపల చట్నీ రుబ్బి తిరగమోత కూడా పెట్టొచ్చు. మ్యాచి మధ్యలో కాసేపు ఆపి నిలబెట్టొచ్చు గానీ, కట్టేసి లేచిపోతే ఓడినట్టే.

మూడో వారంలో తెర మీద ఒక చిన్న ఉత్తరం వచ్చింది. నాలుగు వరుసలు. ఆ రోజు రాగానే గిరీశ్‌కు చూపించాను. చదివి తల గోక్కున్నాడు.

"కోచ్ రాసినాడత్తా. మామ వల్ల టీముకు లాభం లేదంట. సీజను ఆఖరి మ్యాచి మామే గెలిపిస్తే ఉంచుకుంటారంట. లేకపోతే ఇంటికి పొమ్మంటా ఉండారు."

ఆ నాలుగు వరుసల కొలత నాకు తెలుసు. గనులు మూసినప్పుడు ఆయనకు వచ్చిన కాగితం కూడా అంతే ఉండేది. అప్పుడు నాకు చదువే రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు. ఎవరితోనో చదివించుకొని, మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. ఆ తరువాత పదిహేనేళ్లలో దిండ్లు మారాయి, కాగితం మారలేదు.

"దానికేం అత్తా, ఇంకో మామను చేద్దాం. అయిదు నిమిషాల పని. లేదంటే ఆట సులభంగా ఉండే లెవెలు పెడతా," అన్నాడు గిరీశ్.

"జాలి ఉద్యోగం వద్దు ఆయనకు. ఆ పొద్దు తీసేసినప్పుడు నేనేమీ చెయ్యలేకపోయినా. ఈ పొద్దు రిమోటు నా చేతిలో ఉండాది. రెండోసారి ఎట్ల తీసేస్తారో చూస్తా."

పుష్పావతి గిన్నెలు కొంచెం గట్టిగా కడిగింది.

మరుసటి రోజు మధ్యాహ్నం పక్కింటి ఆదినారాయణప్ప గడప దగ్గరికి వచ్చి కర్రతో తలుపు తట్టాడు. మా రెండు ఇళ్లకూ మధ్య ఒకే గోడ, ముప్పై ఏళ్లుగా మాటలు మాత్రం లేవు. ఆయన వైండింగ్ డ్రైవరు. గనిలోకి మనుషులను దించే కేజును నడిపిన మనిషి. ఇంజను ఇంట్లో కుర్చీలో కూర్చుంటాడు, కేజు కంటికి కనబడదు. గంట వినబడితే దాన్ని బట్టి లివరు లాగుతాడు. ఒకరోజు కేజును దభీమని దించాడని, వీడు ఆటో తోలడానికి కూడా పనికిరాడని మా ఆయన టీ అంగట్లో నలుగురి ముందూ అన్నాడు. అంతటితో సరి.

"ఏమ్మా మారమ్మా, మీ ఇంట్లో మూడు వారాల నుంచి వెయ్యి మంది అరస్తా ఉండారే. పెండ్లా, సావా?"

"ఆట అన్నా. లోపలికి రా." రమ్మనాలని కాదు, నోరు జారింది.

వచ్చి తెర వైపు చూశాడు. కళ్లద్దాలు సర్దుకొని చొక్కా వీపు మీద అక్షరాలు చదివాడు. "ఇది… వాడేనా?"

"ఆయనే."

"నాకొడుకు ఈడ కూడా దిగినాడా!"

నేను ఆడుతుంటే నిలబడి చూశాడు. నెత్తి మీద నుంచి పోయే బంతికి మా ఆయన ఊపాడు. అంపైరు అరిచాడు. చెవి పక్క నుంచి పోయేదానికీ ఊపాడు. మళ్లీ అరుపు.

"అయ్యో, అది ఆకాశంలో పోతా ఉండాది కదమ్మా! దాన్ని ఏమిటికి కొడతాడు?"

"ఆయన అంతే."

"వాడు అంతే సరే. రిమోటు పట్టుకునింది నువ్వు కదా?"

ఆదినారాయణప్ప అడక్కుండానే స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "ఇరవై తొమ్మిదేండ్లు లివరు మీద చెయ్యి పెట్టుకొని కూసున్నా. నా పనంతా కూసోనేదే. గంట కొట్టకముందే లివరు ముట్టుకునేవాడు డ్రైవరు కాదమ్మా, హంతకుడు."

"నీ డ్రైవింగు సంగతి ఆయన చెప్పినాడులే. రాగిముద్ద గొంతులోకి వచ్చిందంట."

"వాడు రెండు ముద్దలు మింగి కేజు ఎక్కినాడు. దానికి నేనేం చేసేది?"

అలా ముప్పై ఏళ్ల తగవు ఎవరి పక్షమూ తీర్పు లేకుండా ముగిసింది. రోజూ ముద్ద తిన్న వేళకు వచ్చేవాడు. కర్రతో నేలను ఒకసారి కొడితే వదిలెయ్యమని, రెండుసార్లు కొడితే ఊపమని. బంతి బౌలరు చేతిలోంచి బయటపడే చప్పుడు ముందు వినమనేవాడు, తరువాత చూడమనేవాడు. వదిలెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వేళ్లు జిలపెట్టేవి. చీర చెంగు పళ్ల మధ్య కొరుక్కొని కూర్చునేదాన్ని. అయినా నాలుగింట రెండు సార్లు నొక్కేసేదాన్ని.

"నీకు ఓర్పు ఎన్ని పాయింట్లు పెట్టుకున్నావమ్మా?" అన్నాడొకరోజు. ఆయనకు టీ ఆలస్యంగా ఇచ్చాను.

ఆఖరి మ్యాచి మహాలయ అమావాస్య నాడు వచ్చింది. ఆ రోజు మేము పెద్దలకు ఎడె పెడతాం. చనిపోయినవాళ్లకు ఏవి ఇష్టమో అవన్నీ వండి, తెచ్చి, ఫోటో ముందు ఆకు వేసి పెట్టి, తలుపు మూసి బయటికి వచ్చేస్తాం. వాళ్లు వచ్చి తిని పోయేదాకా ఎవరూ లోపలికి పోకూడదు. మా ఇంట్లో ఆ గడువు మా ఆయన లెక్కన పెట్టుకున్నాం. తిండి, తిన్నాక ఒక బీడీ తాగేంత సేపు. ఇంకో నియమం ఉంది. పెట్టినవేవీ మూసి పెట్టకూడదు. సీసా మూత తియ్యాలి, బీడీ కట్ట విప్పాలి, కొత్త పంచె మడత విప్పాలి, అరటిపండు తొక్క కొంచెం వలచాలి. పోయినవాళ్లకు మూతలు తీసే చేతులు ఉండవు కదా.

గిరీశ్, పుష్పావతి ఇద్దరూ సెలవు పెట్టారు. మటన్ పొయ్యి మీద ఉండగానే అయిపోతుందని మ్యాచి మొదలుపెట్టాను. ఆదినారాయణప్ప కర్రతో హాజరు. తొమ్మిది రౌండ్లయ్యాక రెండు జట్లూ సమానం. సమానమైతే తేలేదాకా ఆడాలట. ఇదొక లోపం, వంట మీద ఉన్న మనిషి సంగతి ఆలోచించలేదు. పదో రౌండులో మూడు బేసుల్లోనూ మావాళ్లు నిలబడ్డారు. బ్యాటుకు మా ఆయన వచ్చాడు. ఆయన పరుగు కొట్టనక్కర్లేదు, ఊరికే నడిచినా చాలు. ఒకరినొకరు తోసుకుంటూ మూడో బేసువాడు చుట్టు ముగించేస్తాడు, మ్యాచి మాది.

రెండు బంతులకు ఊపి పోగొట్టుకున్నాను. తరువాతి రెండు కర్ర చప్పుడుకు భయపడి వదిలాను. అవి పెట్టె బయట పోయాయి. తప్పులు రెండు రెండు. ఇంకొక్క తప్పు జరిగితే ఆయన ఇంటికి.

అప్పుడే పుష్పావతి ఆకు పట్టుకొని వచ్చి నిలబడింది.

"అమ్మా, ఇంగ చాలు. కూర చల్లారిపోతా ఉండాది. నాయన వచ్చి వాకిట్లో నిలబడి ఉంటాడు."

"ఒక్క నిమిషమే పుష్పా! వచ్చే బంతిని కొట్టేస్తా."

"పెట్టెలో పడితేనే," అన్నాడు ఆదినారాయణప్ప.

"యాడ పడినా కొట్టేస్తా అన్నా, ఇంగ నా వల్ల కాదు."

పుష్పావతి కదల్లేదు. ఆట ఆపి నిలబెట్టి లేచాను. టీవీ ఉన్న గదిలోనే ఫోటో ఉంది కాబట్టి ఆకు టీవీ ముందే వేశాం. ముద్ద, మటన్, వడలు, పాయసం, అరటిపండు, సీసా, గ్లాసు, బీడీలు. ఆకు పక్కన రిమోటు పెట్టాను. గిరీశ్ నవ్వాడు. అందరం దండం పెట్టుకొని బయటికి వచ్చాం. అన్నీ సరిచూసి వస్తానని పుష్పావతి చివరగా ఉండి, వచ్చి తలుపు మూసింది.

"అన్నీ తెరిచినావా?" అని అడిగాను, ఏటా అడిగినట్టే.

"తెరిచినా. సీసా మూత తీసినా, కట్ట విప్పినా, పండు వలిచినా. ఆ ఆట కూడా బిగుసుకోని నిలబడి ఉన్నింది కదా, నాయన ఎట్ల ఆడతాడు అని బటన్ ఒత్తి విడిపించినా."

"విడిపించినావా?" అని నేను తలుపు మీద పడ్డాను. పుష్పావతి గడియకు అడ్డం నిలబడింది.

"పోకూడదు! నాయన తింటా ఉంటాడు."

"తిననీ! నేను పక్కన కూసోని ఒక్క బటన్ నొక్కి వస్తా. ఆయన ఉద్యోగం పోతాదే!"

"ఎడె పెట్టినాక తలుపు తీస్తే ఇంగ ఏ పొద్దూ రారు. నీకు ఆయన కావాల్నా, ఆట కావాల్నా?"

రెండూ ఒకటే అని ఆ పిల్లకు ఎలా చెప్పను? లోపల బౌలరు విసిరిన చప్పుడు వినిపించింది. వెనుకనే కీపరు చేతిలో ధబ్‌మని బంతి పడింది. నేను చెవులు మూసుకున్నాను. ఆదినారాయణప్ప మాత్రం చెవి తలుపుకు ఆనించాడు. కళ్లు మూశాడు. ఎనభై ఏళ్ల మొహం మీద కుర్రతనం లాంటిదేదో వచ్చింది.

"అంపైరు అరవలా," అన్నాడు. "పెట్టె బయట. మూడు రెండు."

"ఇంకొకటి ఉందన్నా!" చెవుల మీది చేతులు తీసేశాను.

"గమ్మునుండమ్మా. గంట విననీ."

లోపల ఎర్ర బనీను ఆమె ముందుగానే చప్పట్లు కొడుతోంది, నాకు వినబడుతోంది. బౌలరు విసిరాడు. నా బొటనవేలు తనంతట తానే గాలిలో నొక్కేసింది. ధబ్. అంపైరు గొంతు లేదు. మరుక్షణం జనం హోరు లేచింది. దాంతోపాటే ఆకు దగ్గర నుంచి టకటకటకమని గ్లాసు కొట్టుకుంటున్న చప్పుడు. పుష్పావతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రిమోటు," అన్నాడు గిరీశ్ నెమ్మదిగా. "గెలిస్తే అది అదురుతాది. రిమోటే అనుకుంటా."

బీడీ తాగేంత సేపు అక్కడే నిలబడ్డాం. నా జీవితంలో అంత పొడుగు బీడీ ఎప్పుడూ లేదు. చివరకు పుష్పావతి లోపలున్న పెద్దలకు తెలిసేలా మూడుసార్లు దగ్గి, చప్పట్లు కొట్టి, తలుపు తీసింది.

తెర మీద ఆటగాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు. మా ఆయన మొదటి బేసు మీద, తనకేమీ పట్టనట్టు పంట్లాం ఎగలాక్కుంటున్నాడు. పక్కనే చిన్న ఉత్తరం. ఈసారి మూడు వరుసలు. గిరీశ్ పైకి చదివాడు. వచ్చే సీజనుకు కూడా ఉంచుకున్నారు.

నేను నేల మీద కూర్చుండిపోయాను. రిమోటు అదిరి అదిరి జారి పాయసంలో మునిగి ఉంది.

"చూసినారా," అంది పుష్పావతి, నెల రోజుల్లో మొదటిసారి ఆట వైపు సూటిగా చూసి. "నాయనే ఆడినాడు. పాయసం తిన్న చేత్తోనే ముట్టుకున్నాడు."

"అది ఆటలో ఉండే లోపం," అన్నాడు గిరీశ్ రిమోటు తుడుస్తూ. "మనం ఊపకపోతే ఈ బౌలర్లు అన్నీ బయటే వేస్తారు. ఇంతకాలం తెలియలా."

ఆదినారాయణప్ప ఎడెలోంచి ఒక వడ అందుకున్నాడు. ముప్పై ఏళ్లలో మా ఇంట్లో ఆయన తిన్న మొదటి తిండి. నమిలి మింగి తీర్పు చెప్పాడు. "వాడు కాదు. వాడే అయింటే కొట్టి ఉండును."

"నువ్వు కేజు దించినట్ల దభీమని కాదులే అన్నా, నింపాదిగా దిగినాడు," అన్నాను. మాట కలిసింది కదా అని పూర్తిగా వదిలెయ్యలేం.

అందరూ తినడానికి కూర్చున్నాక తెర మీద ఇంకేదో కదిలింది. సీజను అయిపోయింది కదా, గీతలన్నీ మళ్లీ వచ్చాయి. చెయ్యి బలం తొంభై, ఉన్నది ఉన్నట్టే. చూపు డెబ్బై. పరుగు ఇరవై. ఓర్పు దగ్గర గీత కొంచెం, వెంట్రుక వాసి, కుడివైపుకు జరిగి ఉంది.

దగ్గరికి పోయి చూశాను. ఒకటి. పోయిన తొమ్మిదేళ్లకు ఆయనకు ఓర్పు ఒక పాయింటు వచ్చింది. అది కూడా నేను గదిలో లేనప్పుడు.